ప్రయాణికుని పక్షమున: ఫిలిప్పీన్సు రవాణా శాఖాధిపతికి బహిరంగ లేఖ

మహాశయా,

నేను తమ గణతంత్రమునకు పౌరుడను కాను. తమ ఎన్నికలలో ఓటు గలవాడను కాను. అయినను మా తెలుగునాట నేడు ఎన్నియో ఇండ్లలో, మా గడియారము కంటె మనీలా గడియారము రెండున్నర గంటలు ముందున్నదను లెక్క వంటింటిలోని తల్లులకు సైతము కంఠస్థమై యున్నది. దవావో నగరమందును, మనీలా పరిసరములందును వైద్యవిద్య నభ్యసించుచున్న మా పిల్లలు అనేకులు. వారు సెలవులకు వచ్చునప్పుడును, మరలి పోవునప్పుడును, విమానమెక్కితిమను కబురు అందువరకు ఇక్కడ కన్నవారికి నిద్ర పట్టదు. ఈ సంబంధము చేతను, తమ ద్వీపములలో నేనును పలుమారులు రాకపోకలు సాగించి కన్నులార చూచినదాని చేతను, ఈ లేఖ వ్రాయుటకు పూనుకొంటిని. దీనిని తెలుగులో వ్రాసి పత్రికాముఖమున ప్రకటించుటకు కారణము, ఇందలి సంగతులు తమకెంత అవసరమో, బిడ్డలను తమ దేశమునకు పంపిన మావారికిని అంత అవసరమగుటయే.

7,641 ద్వీపములుగా చెదరియున్న దేశమున విమానయానమును విలాసమని ఎవ్వరును అనజాలరు. మిందనావోలో పుట్టి మనీలాలో కొలువు చేయు సామాన్యుడు, తల్లికి జబ్బు చేసినదని కబురు వచ్చిననాడు ఓడ నెక్కెనేని రోజుల తరబడి సముద్రముపై గడుపవలెను. విమాన మెక్కెనేని రెండు గంటలలో సొంత ఊరి నేలపై దిగును. 1941 మార్చి నెలలో మనీలా నుండి బాగియో కొండపట్టణమునకు ఒక చిన్న విమానమును నడిపి ప్రారంభమైన ఫిలిప్పీన్ ఎయిర్‌లైన్స్, ఆసియాఖండమున తొలినాటి పేరుతోనే నేటికిని నడుచుచున్న విమానసంస్థలలో అన్నిటికంటె పాతది. 1996లో రంగప్రవేశము చేసిన సెబూ పసిఫిక్, ఒక్క పెసోకే టికెట్టను ప్రకటనలతో, జన్మలో విమాన మెక్కుదుమని తలపని బెస్తవారిని, బడిపంతుళ్లను, కూలినాలి జనమును ఆకాశమార్గము పట్టించినది. ఇది చిన్న మేలు కాదు. ఇక గల్ఫు దేశములకును, హాంగ్‌కాంగునకును, ఓడలపై కొలువులకును పోవు శ్రమజీవుల సంగతి వేరుగ చెప్పనేల? 2024లో ప్రవాసులు ఇండ్లకు పంపిన సొమ్ము 3,800 కోట్ల డాలర్లకు మించినది. తమ ప్రభుత్వము వారిని నవయుగ వీరులని కొనియాడుచుండును. ఆ వీరులు స్వదేశమున కట్టకడపట నిలుచునదియు, తిరిగి వచ్చినపుడు మొదట కాలూనునదియు విమానాశ్రయముననే. అక్కడ వారికి జరుగు మన్ననయే ఆ పొగడ్తకు గీటురాయి.

మంచి విమానాశ్రయమును కట్టుట తమ దేశమునకు చేతగాదని నేననను. సెబూ నగరమునకు చేరువనున్న మాక్తాన్ ద్వీపమున, ఉత్తరాంధ్రకు చెందిన రాజాంవాసి గ్రంధి మల్లికార్జునరావుగారి జీఎంఆర్ సంస్థయు, తమ దేశపు మెగావైడ్ సంస్థయు జతగూడి నిర్మించిన రెండవ టెర్మినలు 2018లో ప్రారంభమైనది. కెరటములుగ వంగిన చెక్క కమానుల పైకప్పు క్రింద, పగటి వెలుతురు ధారాళముగ ప్రసరించు ఆ విశాలశాలలో నిలిచినపుడు, మా శంషాబాదు విమానాశ్రయమును కట్టిన సంస్థయే ఇక్కడను చేయి వేసినది గదా యని తెలుగువాడనైన నాకు కలిగిన సంతోషము దాచదగినది కాదు. మరుసటి ఏట ఆ కట్టడమునకు ప్రపంచ వాస్తుశిల్ప ఉత్సవమున రవాణా భవనముల విభాగపు బహుమతియు లభించినది.

మనీలా కథ వేరు. కట్టుబడి ఒప్పందమును 2003లో తమ సుప్రీంకోర్టు చెల్లదని తీర్పు చెప్పుటతో, గోడలు లేచి కప్పు పడిన మూడవ టెర్మినలు 2008 జూలై వరకు ప్రయాణికునికి తలుపు తెరువలేదు. మరొకవైపు ఒకటవ టెర్మినలు తన శక్తికి మించిన జనమును మోసి మోసి, 2011 మొదలు వరుసగ కొన్నేండ్లు, ప్రపంచమున అధమమైన విమానాశ్రయమని ప్రయాణికుల చేతనే అనిపించుకొన్నది. 2024 సెప్టెంబరు 14న సాన్ మిగెల్ సంస్థ నాయకత్వమున గల కూటమి నిర్వహణమును చేపట్టినది. ఏడాదికి మూడున్నర కోట్ల మందికి సరిపడు ఆ ప్రాంగణమున ఆ సంవత్సరము అయిదు కోట్ల మంది రాకపోకలు సాగించిరి. ఒకదానినొకటి ఖండించుకొను రెండే రెండు రన్‌వేలపై ఇంతటి రద్దీని నడపుట సామాన్యము కాదని ఒప్పుకొందును. కుర్చీలు, మరుగుదొడ్లు, వాహనముల వరుసలు మునుపటికంటె మెరుగైనవి. ఆ మేరకు తమవారిని అభినందింపవలసినదే.

అయితే నా మనవి భవనములను గూర్చినది కాదు. తమ విమానాశ్రయమున అడుగిడిన క్షణము మొదలు, అన్నిటికిని ఋజువు చూపవలసినవాడు ప్రయాణికుడే యగుచున్నాడు. సంచిలో దొరికిన వస్తువు తనది కాదని అతడే ఋజువు చూపవలెను. తన్నెవ్వరును మోసగించి విదేశమునకు కొనిపోవుట లేదని అతడే ఋజువు చూపవలెను. విమానము ఆలస్యమైనందున తనకింత అన్నము పెట్టవలెనని శాసనమున్నదని, ఆ శాసనమును కూడ అతడే తెచ్చి చూపవలెను. అధికారము గలవారును, ధనము గలవారును బల్లకు ఆవలివైపున కూర్చుండి ఏదియు నిరూపింపనక్కరలేదు. టికెట్టు కొని, పన్ను కట్టి, పెట్టె మోసుకొని వచ్చి నిలుచున్నవాడు మాత్రము సమస్తమును నిరూపింపవలెను. నిరూపణభారము పడవలసిన భుజముపై పడక, మోయలేని భుజముపై పడుచున్నది. తమ దేశమున విమానప్రయాణికులు చెప్పుకొను కష్టములు నూరు రకములుగ వినబడినను, తరచి చూచినచో చాలవరకు ఈ ఒక్క వేరునుండి మొలచినవే యని నా నిశ్చితాభిప్రాయము.

2015 సంవత్సరాంతమున మనీలాలో జరిగినదానిని తమ జనులు మరచియుండరు. ఎక్స్‌రే యంత్రము వద్ద ప్రయాణికుల సంచులలో ఒక్కొక్క తూటా బయటపడుటయు, తామెరుగమని వారు మొత్తుకొనుటయు, తనిఖీ సిబ్బందియే తూటాలు జారవిడిచి లంచములకు పీడించుచున్నారను ఆరోపణ చెలరేగుటయు, ‘తానిమ్ బాలా’ (తూటా నాటుట) యను మాట దేశదేశముల పత్రికలకెక్కుటయు జరిగినవి. 2013 నాటి ఆయుధముల చట్టము ప్రకారము ఒక్క తూటాను కలిగియుండుటయు నేరమే గనుక, నిర్దోషినని చూపుకొను బరువంతయు, మరి కొంతసేపటిలో విమానము బయలుదేరనున్న ముసలివారిపైనను, పొట్టకూటికి పరదేశము పోవు పనికత్తెలపైనను పడినది. ఆ ఆరోపణలలో ఎన్ని నిజమో, ఎన్ని కావో నేను తీర్పు చెప్పను. జనులు చేసినది మాత్రము చెప్పెదను: పెట్టెల జిప్పులు, సంచుల జేబులు కానరాకుండ ప్లాస్టిక్ పొరను చుట్టలు చుట్టలుగ చుట్టించుకొని, తమ ప్రభుత్వోద్యోగుల చేతులనుండి తమ సామానును తామే కాపాడుకొనిరి. తూటా దొరికినచో దానిని తీసికొని మనిషిని పోనిండని 2016లో వచ్చిన ప్రభుత్వము ఆజ్ఞాపించిన పిదపగాని ఆ భయము సడలలేదు. మరల 2023 సెప్టెంబరులో, ఒకటవ టెర్మినలున ఒక తనిఖీ ఉద్యోగిని, ప్రయాణికునివని చెప్పబడిన మూడు నూరు డాలర్ల నోట్లను నోట కుక్కుకొని మ్రింగినట్లు కెమెరా దృశ్యములు చూపినవి. కంచెయే చేను మేసినచో కాపు ఎవ్వరితో మొరపెట్టుకొనవలెను?

ఇమ్మిగ్రేషను శాఖ తమ అధీనమున లేదనియు, న్యాయశాఖకు చెందినదనియు ఎరుగుదును. కాని బల్ల ముందు నిలుచున్నవానికి ఈ శాఖాభేదములు కనబడవు. అతనికి కనబడునది ప్రభుత్వమొక్కటియే. ఒక తెల్లవారుజామున మూడవ టెర్మినలులో నాకు ముందు నిలిచిన యువతిని తమకు చూపగోరుచున్నాను. చేతిలో పారదర్శకమైన ప్లాస్టిక్ ఫోల్డరు. అందులో తిరుగు టికెట్టు, హోటలు రసీదు, యజమాని ఇచ్చిన సెలవు పత్రము, బ్యాంకు లెక్కల నకలు, ఆహ్వానించిన పినతల్లి వ్రాసిన లేఖ, ఆ పినతల్లి తన తల్లికి తోబుట్టువని చూపుటకు ఇరువురి జనన ధ్రువపత్రముల నకళ్లు. చెమటకు తడిసిన వ్రేళ్లనుండి ఒక్కొక్క కాగితము బయటికి వచ్చుచుండెను. అధికారి ఒక్కొక్కటి తిరుగవేసి, ఖర్చు నీదా, ఆమెదా అని మాటిమాటికి అడుగుచుండెను. చివరకు ఆ అమ్మాయిని ప్రక్కగదికి పంపిరి. ఆమె విమానమునకు చివరి పిలుపు మైకులో వినబడునప్పటికిని ఆ గది తలుపు మూసియే యున్నది.

మనుష్యుల అమ్మకము తమ దేశమున నిజముగ నున్న పీడ కాదని నేననుటలేదు. 2003లో దానికి చట్టము చేసితిరి. 2013లోను, 2022లోను దానిని మరింత బిగించితిరి. కంబోడియాకును, మయన్మారునకును ఉద్యోగములని ఆశజూపి కొనిపోయి, కంప్యూటరు ముందు కూర్చుండబెట్టి లోకమును మోసగింప నిర్బంధించు ముఠాల చేతులలో తమ యువకులు చిక్కిరి. మా విశాఖపట్టణ ప్రాంతపు యువకులును అట్లే కంబోడియాలో చిక్కగా, 2024లో మా పోలీసులును దౌత్యాధికారులును పూని వారిని విడిపించవలసి వచ్చినది. కావున ఆ బాధ మాకును తెలియును. అయినను లెక్క చూడుడు. 2022లో తమ ఇమ్మిగ్రేషను శాఖవారు విమాన మెక్కనీయక ఆపిన స్వదేశీయులు 32,404 మంది. వారిలో మనుష్యుల రవాణాకో, దొంగ ఉద్యోగ నియామకములకో బలియైనవారుగ తేలినది 472 మంది. ఆ 472 మందిని కాపాడినవారికి నమస్కరింపవలసినదే. తక్కినవారిలో కాగితములు కల్లలైనవారు కొందరుండవచ్చును; వారిని విడిచినను, టికెట్టు సొమ్మును, సెలవును, సభ్యసమాజమున తలయెత్తుకొను ధైర్యమును పోగొట్టుకొని ఇంటికి మరలినవారు వేలకొలది గలరు. వారికి కారణమైనను వ్రాతమూలముగ చెప్పవలదా? ఇస్రాయేలునకు బయలుదేరిన ఒక యువతిని, కళాశాల నాటి వార్షిక సంచిక చూపుమని కూడ అడిగి, ప్రశ్నలతోనే పొద్దుపుచ్చి విమానము తప్పునట్లు చేసిన సంగతి 2023 మార్చిలో బయటపడినపుడు శాఖవారు క్షమాపణ చెప్పిరి. క్షమాపణ మంచిదే, కాని పోయిన టికెట్టు క్షమాపణతో తిరిగి రాదు. ఆ ఏడే ప్రయాణికులు చూపవలసిన పత్రముల జాబితాతో కొత్త నియమములను సిద్ధపరచి, సెనేటులోను బయటను లేచిన నిరసనకు అమలునకు ముందే నిలిపివేసితిరి. నిలిపివేయుట వివేకము. కాని జాబితా లేకపోవుట వలన ప్రశ్నలు తగ్గలేదు. ఏ ప్రశ్న ఎప్పుడు వచ్చునో తెలియని భయము మాత్రము నిలిచిపోయినది.

నియంతృత్వము కూలిన పిదప 1987లో తాము వ్రాసికొన్న రాజ్యాంగము, దేశభద్రతకో, ప్రజల క్షేమమునకో, ఆరోగ్యమునకో, అదియును చట్టము చెప్పిన ప్రకారము తప్ప, ప్రయాణపు హక్కునకు భంగము కలుగరాదని శాసించుచున్నది. మనీలా విమానాశ్రయమునకు తాము పెట్టిన పేరు, 1983 ఆగస్టు 21న విమానము దిగుచుండగనే ఆ నేలపైననే హతుడైన నినోయ్ అకీనోది. స్వదేశమునకు వచ్చు హక్కు కొరకు ప్రాణము లొడ్డినవాని పేరు గల చోట, పోవు హక్కును అనుమానమునకు తాకట్టుపెట్టుట తమకును సమ్మతము కాదని నమ్ముచున్నాను.

ఇక విమానసంస్థల మాట. 2012 డిసెంబరులో తమ రవాణా శాఖయు, వాణిజ్య శాఖయు కలిసి వెలువరించిన ప్రయాణికుల హక్కుల ఉత్తర్వును నేను శ్రద్ధగ చదివితిని. మంచి ఉత్తర్వు. బయలుదేరవలసిన వేళకు గంట ముందు చెకిన్ ఆవరణలో నున్నవానిని, వరుస కదలలేదను నెపమున, రానివానిగ లెక్కింపరాదు. విమానము మూడు గంటలు ఆలస్యమైనచో, కారణము సంస్థది అయినను కాకున్నను, ఆహారము పెట్టవలెను, ఫోను చేసికొననీయవలెను, ప్రయాణము మానుకొందుననువానికి సొమ్ము వాపసు చేయవలెను. సంస్థ కారణముననే ఆరు గంటలు దాటెనా, విమానము రద్దయినట్లే భావించి ఆ హక్కులన్నియు ఇయ్యవలెను. సీట్లకు మించి టికెట్లమ్మినచో, బలవంతముగ ఎవ్వరిని దింపుటకు ముందు, తగిన ప్రతిఫలము చూపి ఇచ్చగలవారిని అడుగవలెను. చాలినంతమంది రాకున్న ప్రతిఫలమును పెంచవలెను. మా దేశమువారును చూచి నేర్చుకొనదగిన నియమము లిందులో గలవు.

ఆ నియమములు బల్ల వద్ద ఎట్లు బ్రదుకుచున్నవో దవావోలో చదువుకొను మా ఊరి అమ్మాయి యొకతె చెప్పినది. ఆ విమానసంస్థ పేరు నేను వ్రాయను. ఆమె ఉదయము దవావోలో ఎక్కి, మనీలాలో దిగి, రోడ్డు మార్గమున మరొక టెర్మినలు చేరి, కౌలాలంపూరు మీదుగ ఇంటికి రావలెను. దవావోలో విమానము ఒక గంట, మరొక గంట అని వాయిదాలు పడుచుండెను. కారణమేమన, ‘ఆపరేషనల్ రీజన్స్’ అను రెండే మాటలు. మూడు గంటలు దాటిన తరువాత ఆమె ఫోనులో ఆ ఉత్తర్వును తెరచి, సంబంధించిన పంక్తిని బల్లవద్ద నున్న యువకునకు చూపినది. అతడు మారుమాటాడక సొరుగు లాగి ఒక భోజనపు కూపను చేతికిచ్చెను. కూపన్లు కట్టగట్టి సొరుగులోనే యున్నవి! వెనుక వరుసలో నడుము పట్టుకొని నిలుచున్న ఒక అవ్వకు గాని, చంటిబిడ్డతో నున్న తల్లికి గాని ఇయ్యలేదు, వారడుగలేదు గనుక. ఈ అమ్మాయియే మరల బల్లవద్దకు పోయి వారిద్దరి కొరకును అడుగగా అప్పుడిచ్చిరి. తక్కిన వరుస ఏమయ్యెనో ఆమెకు తెలియదు. మనీలా చేరునప్పటికి కౌలాలంపూరు విమానము వెళ్లిపోయినది. రెండు టికెట్లును వేరువేరుగ కొన్నవగుటచే మొదటి సంస్థ తనకు బాధ్యత లేదన్నది; రెండవది రానివారి టికెట్టు చెల్లదన్నది. ఆమె ఆ రాత్రి పుస్తకముల సంచి తలక్రింద పెట్టుకొని కుర్చీలపై గడిపి, తండ్రి అప్పుచేసి పంపిన సొమ్ముతో మరుసటి దినము కొత్త టికెట్టు కొన్నది.

ఆ సొరుగును గూర్చియే, మహాశయా, నేను ముఖ్యముగ వ్రాయదలచినది. ఉత్తర్వు ప్రయాణికునికి హక్కు నిచ్చినది. దానిని అడిగి పుచ్చుకొను శ్రమను కూడ అతనికే విడిచినది. అడుగుటకు చదువు కావలెను, ఆంగ్లభాష కావలెను, కుదురైన గొంతు కావలెను. ఈ మూడును లేనివారికే కూపను అవసరము మిక్కిలి. పైగా ఆలస్యము సంస్థ వలన కలిగెనా, వాతావరణము వలన కలిగెనా, ఆకాశపు రద్దీ వలన కలిగెనా యని తేల్చువారెవ్వరు? ముందుగ ఆ మాట చెప్పునది విమానసంస్థయే. ఎవని తప్పిదమునకు పరిహారము చెల్లింపవలెనో, ఆ తప్పిదము జరిగెనా లేదా యను నిర్ణయము వాని నోటనే వెలువడుచున్నది. కాదని ప్రయాణికుడు వాదింపవలెనన్నచో సాక్ష్యము తానే కూర్చుకొనవలెను. ఆ సాక్ష్యమంతయు సంస్థ కార్యాలయములోనే యుండును.

తమ పౌర వైమానిక మండలికి శక్తి లేకపోలేదు. 2014 క్రిస్మసు దినములలో జరిగిన ఆలస్యములకును రద్దులకును సెబూ పసిఫిక్‌పై అయిదు కోట్ల 21 లక్షల పెసోల జరిమానా విధించి ఆ శక్తిని చూపినది. కాని జరిమానా ఖజానాకు చేరును; పండుగనాడు ఇంటికి చేరలేక, టెర్మినలు నేలపై అట్టముక్కలు పరచుకొని పిల్లలను నిద్రపుచ్చినవారికి అందులో ఒక్క పెసో రాదు. శిక్ష వేరు, పరిహారము వేరు. మొదటిది జరిగినంత మాత్రమున రెండవది జరిగినట్లు కాదు.

దైవికములగు ఉపద్రవములకు నేను తమను నిందింపను. తుపాను ఎవ్వరి మాటయు వినదు. 2018 ఆగస్టు 16 రాత్రి పెనువర్షములో షియామెన్ సంస్థ విమానము మనీలా రన్‌వేపై నుండి జారి బురదలో కూరుకొనిపోగా, లోనివారందరును ప్రాణములతో బయటపడుటయే భాగ్యము. అయితే దాని నక్కడినుండి తొలగించుటకు 18వ తేదీ వచ్చినది. ప్రధానమైన రన్‌వే ఒక్కటి మూతపడినంతనే వేలకొలది జనులు టెర్మినళ్లలో దిక్కుతోచక నిలిచిపోయిరి. 2023 జనవరి 1న ఆకాశమార్గములను నియంత్రించు కేంద్రమున విద్యుత్ వ్యవస్థ చెడి, తమ గగనతలమంతయు కొన్ని గంటలు మూతపడినది. దాదాపు 300 విమానములు నిలిచిపోయినవి. యాభై వేలమందికి పైగా చిక్కుపడిరి. ఆ మే నెల ఒకటిననే మూడవ టెర్మినలులో మరల విద్యుత్తు పోయినది. యంత్రములు చెడుట ఎల్లదేశములందును కలదు. కాని ఆ గంటలలో అక్కడ నిలిచినవారిని అడుగుడు: విమానము లేకపోవుట కంటె, ఏమి జరుగుచున్నదో చెప్పు మనిషి లేకపోవుటయే వారిని ఎక్కువ కలచినదందురు.

మా పిల్లలకు ఆ బాధ 2020 మార్చిలో అనుభవమునకు వచ్చినది. మహమ్మారి వలన లూజోన్ ద్వీపమును మూసివేయగా, మా దేశమును ఆ 17వ తేదీన ఫిలిప్పీన్సునుండియు మలేషియానుండియు వచ్చు విమానములను నిలిపివేసినది. కొందరు మనీలా విమానాశ్రయమునను, మరికొందరు దారి నడుమ కౌలాలంపూరునను చిక్కుకొనిరి. అందలి దోషము తమది కాదు. ఆ ఉత్తర్వు మాది. మరునాడు ఢిల్లీకిని, మా విశాఖపట్టణమునకును ప్రత్యేకముగ అనుమతించిన విమానములలో కౌలాలంపూరున చిక్కినవారు ఇల్లు చేరిరి. నాడు మనీలాలో చిక్కిన పిల్లలకు ఊరు పేరు తెలియని ఫిలిపీను కుటుంబములు అన్నమును నీళ్లును తెచ్చియిచ్చినవని వారు చెప్పగా విన్నాను. తమ జనులలో దయకు కొదువలేదు. ఆ దయ బల్ల ఆవలివైపున నియమరూపము దాల్చవలెననియే నా కోరిక.

రుసుముల మాటయు ఒకటి చెప్పవలెను. 2025 సెప్టెంబరు 14 నుండి మనీలాలో విదేశయాత్రికునిపై టెర్మినలు రుసుము 550 పెసోలనుండి 950కిని, స్వదేశమున తిరుగువానిపై 200 నుండి 390కిని పెరిగినది. సైనికపాలన నాటి 1977 శాసనము విధించిన ప్రయాణపు పన్ను, ఎకానమీ తరగతివానిపై 1,620 పెసోలుగ వసూలగుచు వచ్చినది. తమ దేశమున ఏడాదికి మించి నివసించు విదేశీయులును, అనగా మా విద్యార్థులును, దానికి లోబడినవారే. మంచి సేవకు మంచి వెల యిచ్చుటకు ఎవ్వరును వెనుదీయరు. వెల ముందుగనే టికెట్టులో కలిపి, అడుగకుండనే పుచ్చుకొనుచున్నపుడు, చెల్లింపవలసిన పరిహారమును కూడ అడుగకుండనే ఇయ్యవలెనని కోరుట న్యాయము గదా!

కావున నేను ప్రార్థించునది కొత్త చట్టము కాదు. ఉన్న ఉత్తర్వులో భారమును మార్చుడని. మూడవ గంట నిండినంతనే, ఎవ్వరును నోరు తెరువక పూర్వమే, ఆ విమానపు ప్రయాణికులందరికిని కూపను అందవలెను. అందినదని చూపవలసిన బాధ్యత విమానసంస్థపై నుండవలెను. ఆలస్యమునకు కారణము వాతావరణమని చెప్పదలచినచో, ఆ దినపు నియంత్రణ కేంద్రపు పత్రముతో సంస్థయే మండలి యెదుట నిరూపింపవలెను. నిరూపింపనిచో తప్పు సంస్థదేయని భావింపవలెను. జరిమానాతోపాటు, టికెట్టు కొన్న ఖాతాకే పరిహారము తిరిగి చేరవలెను. హక్కుల సారమును తగాలోగు, సెబువానో, ఆంగ్లభాషలలో ప్రతి బోర్డింగు ద్వారము వద్దను, అక్షరములు కూడబలుకుకొనువారికి సైతము తెలియునట్లు పెద్ద అక్షరములతో వ్రాయించి నిలుపవలెను. ఇమ్మిగ్రేషను విషయమున న్యాయశాఖామాత్యులతో తామే మాటాడి, ఎవ్వరినేని ఆపినపుడు కారణమును వ్రాసి, సంతకము చేసి, అక్కడికక్కడనే చేతికిచ్చు పద్ధతిని నెలకొల్పుడు. ఆపుట అకారణమని తేలినచో టికెట్టు వ్యయమును ప్రభుత్వము భరించుట కాగితముపై గాక, ఆ బల్లవద్దనే జరుగునట్లు చూడుడు. తాను వ్రాసి సంతకము చేయవలసిన కారణమును గూర్చి ఏ అధికారియు రెండు మారులు ఆలోచింపక మానడు. నిజముగ బలియగుచున్నవారిని కనిపెట్టు చూపు దానివలన మరింత పదునగునే కాని మొద్దుబారదు.

మా తెలుగు తల్లిదండ్రులకు ఒక మాట. పిల్లల దేశీయ, విదేశీయ ప్రయాణములను కుదిరినంతవరకు ఒకే టికెట్టుపై కొనుడు. కుదరనిచో మనీలాలో నడుమ ఒక రాత్రి ఉండునట్లు ఏర్పాటు చేయుడు. 2012 నాటి ఆ ఉత్తర్వును పిల్లల ఫోనులలో దాచి ఉంచుడు. ఆలస్యమైనపుడు కారణమును వ్రాతమూలముగ అడుగవలెననియు, వెనుక నిలుచున్న పెద్దవారి తరఫునను అడుగవలెననియు వారికి నేర్పుడు.

అయ్యా, డిసెంబరు వచ్చినదన్న తమ దేశస్థులు నలుమూలలనుండి ఇండ్లకు తరలివత్తురు. తమ విమానాశ్రయములకు అంతకుమించిన పరీక్ష సంవత్సరమున మరొకటి లేదు. పై మార్పులలో మొదటిదియైన కూపను నియమమునకు కొత్త ధనముతో గాని, కొత్త కట్టడముతో గాని పనిలేదు. తమ సంతకమొక్కటి చాలును. ఆ రద్దీ మొదలు కాకముందే ఆ సంతకము చేయుడని సవినయముగ ప్రార్థించుచున్నాను.

ఇట్లు,
తమ ద్వీపములలో తిరుగాడిన ఒక తెలుగు ప్రయాణికుడు